కురచ బెల్‌బాటం

నవంబర్ 3, సోమవారం

కౌంటరు గాజుది. ఈ సంగతి ఇంటర్వ్యూలో ఒక్కరూ చెప్పలేదు. పదిహేనేళ్ళు ఇంట్లో ఉండి మళ్ళీ ఉద్యోగానికి బయల్దేరినదాన్ని, పైన చొక్కా ఒకటి ఇస్త్రీ చేసుకుంటే చాలనుకున్నాను. కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములు చూపించే మనిషి ముఖం చూస్తారు గానీ కాళ్ళెవరు చూస్తారు? తీరా చూస్తే మోకాళ్ళ దగ్గర సాగిపోయిన నా నల్ల ప్యాంటు, వెనక అరిగిపోయిన చెప్పులు, అన్నీ ఫ్రేముల కింది అరలో అమ్మకానికి పెట్టినట్టే ఉన్నాయి.

మేనేజరమ్మ పొద్దున ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి కౌంటరు కిందికి చూసింది. మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు కదా, చూడటం మొదలుపెట్టినట్టుంది.

ఇంటికొచ్చి అత్తయ్యకి చెబితే, గాజుకి లోపలివైపు కాగితం అంటించమంది.

నవంబర్ 5, బుధవారం

నా పక్కన నిలబడే అమ్మాయికి ఇరవై మూడేళ్ళు. కళ్ళకి అంత కాటుక పెట్టుకుని కళ్ళజోళ్ళు అమ్ముతుంది కాబట్టి మనసులో దానికి కాటుక అని పేరు పెట్టేశాను. ఇవాళ కూపీ లాగింది. ఇంట్లో ఎవరెవరుంటారు అక్కా అంది. నేనూ మా అత్తయ్యా అన్నాను. మరి బావగారో? వేరే ఊళ్ళో, వేరే ఆవిడతో, నాలుగేళ్ళయింది, కోర్టు కాగితాలు కూడా వచ్చేశాయి అన్నాను. కాటుక ఊరుకోలేదు.

"అత్తయ్య అంటే ఆయన అమ్మే కదక్కా? మరి ఆవిడ మీ దగ్గర ఎందుకున్నారు?"

అది ఆవిడనే అడగాలి అన్నాను. నిజానికి నేనెప్పుడూ అడగలేదు. ఆయన వెళ్ళిన మర్నాడు పొద్దున ఆవిడ ఎప్పటిలాగే లేచి పాలు కాచింది, నేను ఎప్పటిలాగే తాగాను. అంతే. అది జరిగి నాలుగేళ్ళు.

సాయంత్రం కాటుక నన్ను పక్కవీధి బట్టల కొట్టుకి లాక్కెళ్ళింది. నాకు కావలసింది క్రాప్డ్ ఫ్లేర్ అట, దాని కింద యాంకిల్ బూట్స్ అట. చూస్తే ఏముంది, నా చిన్నప్పటి బెల్‌బాటమే. కాకపోతే చీలమండకి పైనే ఆగిపోయింది. పోసిన నీళ్ళు చాలక ఎదగని మొక్కలా ఉంది. వేసుకుని అద్దంలో చూసుకుంటే మాత్రం, ఏమాటకామాటే, నాకూ నడుము ఉందని తెలిసింది.

కాటుక పాఠం, మర్చిపోకుండా రాసుకుంటున్నాను. కింద విచ్చుకుంటుంది కాబట్టి పైన వదులు చొక్కా వేయకూడదు, ఒంటికి అతికే జాకెట్టో స్వెటరో లోపలికి దోపాలి. బూటు రంగూ ప్యాంటు రంగూ దగ్గర దగ్గరగా ఉంటే కాలు పొడుగ్గా కనిపిస్తుంది. బూటు అంచు ప్యాంటు అంచు కిందికి కొంచెం దూరాలి. మధ్యలో చర్మం కనిపిస్తే వేలెడు కంటే ఎక్కువ కనిపించకూడదు. మేజోళ్ళు అసలు కనిపించకూడదు. "బూటూ ప్యాంటూ పలకరించుకోవాలి అక్కా, కావలించుకోకూడదు" అంది.

ముదురాకుపచ్చ ప్యాంటు, నల్ల బూట్లు. మడమ ఎత్తు రెండంగుళాలు, లావుగా, నిలబడటానికి హాయిగా ఉంది.

నవంబర్ 7, శుక్రవారం

మేనేజరమ్మ పొద్దున ఒక్కసారి చూసింది. భోజనాలయ్యాక చూడలేదు. గెలిచాను.

ఇంటి దగ్గర మాత్రం గెలుపు లేదు. గుమ్మంలో అడుగు పెట్టగానే అత్తయ్య కుట్టుమిషను ఆపి నన్ను కిందనుంచి పైకి చూసింది.

"ఏం, బట్ట చాల్లేదన్నాడా?"

ఇది ఇంతే ఉంటుంది అత్తయ్యా, ఫ్యాషను అన్నాను. దగ్గరకొచ్చి అంచు తిరగేసి చూసింది. ఆవిడ ముప్పై ఏళ్ళు కొట్టు పెట్టి రెండు స్కూళ్ళకి యూనిఫాములు కుట్టింది. ప్యాంటు కింద మూడంగుళాల మడత వదలకుండా ఆవిడ చేతినుంచి ఒక్క గుడ్డా బయటికి పోలేదట. పిల్లలు ఎదుగుతారు కదా, ఏటా బడి తెరిచే ముందు ఒక్కో అంగుళం విప్పి ఇచ్చేదట. నా ప్యాంటు లోపల రెండంగుళాల మడత దొరకగానే ముఖం విప్పారింది. "ఉందిలే, వదిలాడు" అంది, ఎవడో చెడ్డవాడనుకున్నవాడు మంచివాడని తేలినట్టు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

నవంబర్ 8, శనివారం

ఆయన ఫోను చేశాడు. నాకు కాదు, వాళ్ళమ్మకి. కొత్త ఇంట్లో కింద ఒక గది ఖాళీగా ఉందట, మెట్లెక్కే పని లేదట, వచ్చేయమంటున్నాడు.

అత్తయ్య బీన్సు తుంచుతూ నాకు ఈ కబురు చెప్పి, ఏమంటావు అని అడిగింది. నేను ఎంతో మర్యాదగా "మీ ఇష్టం అత్తయ్యా" అన్నాను. కన్నకొడుకు పిలిస్తే మధ్యలో నేనెవరిని? విడాకుల కాగితాలతో ఆయన మాజీ అయ్యాడు. ఆవిడ ఏమయిందో వాటిలో ఎక్కడా రాయలేదు. అడ్డు చెప్పే హక్కు నాకెక్కడిది? ఆవిడ ఒక్క నిమిషం నా వైపు చూసి, మళ్ళీ బీన్సు తుంచింది. తుంచిన ముక్కలు ఒకటి రెండంగుళాలు, ఒకటి అరంగుళం. టేపు లేకుండా గీత గీసే మనిషి. వయసు మీద పడుతోంది పాపం.

నా మట్టుకు నేను సరిగ్గానే మాట్లాడాననుకుంటున్నాను.

నవంబర్ 10, సోమవారం

కొంప మునిగింది.

నిన్న నేను బజారుకి వెళ్ళినప్పుడు అత్తయ్య నా ఆకుపచ్చ ప్యాంటు మడత విప్పేసింది. రెండంగుళాలు చాలక, అదే రంగనుకుని ఇంకో రంగు గుడ్డ మూడంగుళాలు అతికించింది. అది ఆకుపచ్చ కాదు, నీలం. ఇస్త్రీ చేసి, మడతపెట్టి నా మంచం మీద పెట్టింది. పొద్దున హడావుడిలో వేసుకుని పరుగెత్తాను. బస్సు దిగేటప్పుడే ఏదో కాళ్ళకి అడ్డం పడుతోందని తెలిసింది. షాపులో అద్దాలు తుడిచే నిచ్చెన ఎక్కబోయి, కుడి బూటు మడమ ఎడమకాలి ప్యాంటు అంచులో ఇరుక్కుని, పిల్లల ఫ్రేముల స్టాండు మీద పడ్డాను. నలభై ఫ్రేములు. ఒక్కటీ విరగలేదు, దేవుడున్నాడు. కాటుక పగలబడి నవ్వింది. మేనేజరమ్మ నవ్వలేదు, నా కాళ్ళకేసి చూస్తూ "రెండు రంగులా?" అంది.

ఇంటికొచ్చి నోరు జారాను. "ఇది స్కూలు యూనిఫాం కాదు అత్తయ్యా, నేనేం ఇంకా ఎదగను" అన్నాను. అంతటితో ఆగినా సరిపోయేది. "రంగు కూడా కనిపించడం లేదా మీకు?" అన్నాను.

ఆవిడ ప్యాంటు చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. చాలాసేపు చూసింది. "పచ్చే అనుకున్నాను" అంది. వెళ్ళి గదిలో కూర్చుంది.

నవంబర్ 11, మంగళవారం

మాటల్లేవు. కూరలో ఉప్పు కూడా లేదు.

నవంబర్ 12, బుధవారం

ఆయనకి ఫోను చేసి వస్తానని చెప్పేసిందట. ముప్పయ్యో తారీఖు ఆదివారం కారు తీసుకొస్తాడట. ఈ కబురు చెబుతూ, పోవడమే మంచిదేమో అంది.

"మీ ఇష్టం అత్తయ్యా" అన్నాను. ఇంకేమంటాను? ఉండమంటే, నా అవసరం కోసం ఆపినట్టుంటుంది. నాకేం అవసరం? వంట వచ్చు, తాళం వేసుకోవడం వచ్చు.

నవంబర్ 13, గురువారం

ఆలోచిస్తే ఒకందుకు మంచిదే. ఆవిడ గదిలో వెలుతురు బాగా ఉంటుంది. నిలువుటద్దం పెట్టుకుంటాను. ఉద్యోగానికి వెళ్ళేముందు బూటూ ప్యాంటూ పలకరించుకున్నాయో లేదో చూసుకోవాలంటే ఇప్పుడు స్టూలెక్కి బాత్రూం అద్దంలో ఒక్కో కాలూ విడిగా చూసుకోవలసి వస్తోంది. నాకేం బాధ లేదు.

నవంబర్ 16, ఆదివారం

సూట్‌కేసు మంచం మీదికి వచ్చింది. పొద్దున రెండు బట్టల మూటలు పెట్టింది. మధ్యాహ్నం ఒకటి తీసేసింది. సాయంత్రం చూస్తే సూట్‌కేసులో ఒక కత్తెర, ఒక దుప్పటి, నా పాత స్వెటరు ఉన్నాయి. నా స్వెటరు ఎందుకు అంటే, బటన్లు కుట్టి ఇస్తాను అంది. ఊరెళ్ళే పెట్టెలో పెట్టుకుని కుడతారా ఎవరైనా? ఇంకా పద్నాలుగు రోజులుంది. ఈ వేగంతో ముప్పయ్యికి పెట్టె సగం నిండితే గొప్ప.

నవంబర్ 19, బుధవారం

షాపుకి వచ్చింది!

పదకొండింటికి తలుపు తోసుకుని, చేతిలో సంచీతో, కొనుగోలుదారులాగే వచ్చి కుర్చీలో కూర్చుంది. నేను నోరు తెరిచేలోపే కాటుక వెళ్ళి ఏం కావాలమ్మా అంది. "రంగులు తప్పు కనిపిస్తున్నాయి, దానికేమన్నా ఉందా" అని అడిగింది అత్తయ్య. నన్ను తెలిసినట్టు ఒక్క చూపు చూడలేదు. నేనూ బిగదీసుకుని నిలబడ్డాను.

పరీక్ష గదిలోంచి బయటికొచ్చేసరికి చేతిలో చీటీ ఉంది. రెండు కళ్ళలోనూ శుక్లం మొదలయిందట. దానివల్లే నీలం, పచ్చ ఒకలాగే కనిపిస్తున్నాయట. ఇప్పుడే ఆపరేషను అక్కర్లేదట, కొత్త పవరు పెట్టుకుని మంచి వెలుతుర్లో పని చేసుకోమన్నారట. ఆ చీటీ తెచ్చి గాజు కౌంటరు మీద నా ముందే పెట్టింది. ప్యాంటు రంగు గురించి ఆ రోజు నేనన్న మాట గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది.

ఫ్రేములు చూపించాను. ముఖం గుండ్రంగా ఉన్నవాళ్ళకి కొంచెం కోణాలున్నవి నప్పుతాయని చెప్పాను. ఇంకెవరికైనా చెప్పినట్టే చెప్పాను. ఆవిడా ఇంకెవరో చెబితే విన్నట్టే వింది. పదకొండు ఫ్రేములు పెట్టుకుని పదకొండూ బాలేవంది. పన్నెండోది పెట్టుకుని, షాపు మధ్యలో ఉన్న నిలువుటద్దంలో తనని చూసుకోకుండా దాంట్లో కనిపిస్తున్న నా కాళ్ళని చూసింది. ఇవాళ కాటుక దగ్గర అరువు తెచ్చుకున్న నల్ల ఫ్లేరు వేసుకున్నాను, అదే బూట్లతో.

"ఓహో. అంచు అక్కడే ఆగాలా" అంది. "నడిచి చూపించు."

నడిచాను. పది మంది ముందు, ఆ చివరినుంచి ఈ చివరికి. మేనేజరమ్మ తల ఎత్తి చూసింది. ఆపకుండా నడిచాను.

"బాగుంది. కాలు కనబడకుండా మనిషి కనబడుతోంది" అని, పన్నెండో ఫ్రేమే ఖాయం చేసి వెళ్ళిపోయింది. వెళ్ళాక కాటుక ఎవరక్కా ఆవిడ, మిమ్మల్ని పని మనిషిలా నడిపించింది అంది. మా అత్తయ్య అన్నాను.

నవంబర్ 21, శుక్రవారం

కళ్ళజోడు తెచ్చి ఇచ్చాను. పెట్టుకుని మొదట గోడ చూసింది, తర్వాత ఆకుపచ్చ ప్యాంటు చూసింది. "ఛీ, ఇంత నీలమా" అంది. అయిదు నిమిషాల్లో అతుకు ఊడదీసేసింది.

నవంబర్ 23, ఆదివారం

పొద్దున్నే బూట్లు వేసుకుని స్టూలెక్కమంది. ఇంట్లో బూట్లేంటి అంటే, బూట్లు లేకుండా ఫ్లేరు కొలిచేవాళ్ళు దర్జీలే కాదట. బుధవారం ఒక్కసారి చూసి ఎప్పుడు నేర్చుకుందో! ఆకుపచ్చది సరిచేసి, ఇంకో రెండు కొత్తవి కత్తిరించి కుట్టి పెట్టింది, ఒకటి ముదురు గోధుమరంగు, ఒకటి బూడిదరంగు. వారమంతా ఒక్క ప్యాంటు వేసుకుని వెళ్తే ఆ గాజు కౌంటరు వెనకాల పరువేం కావాలి అంది.

కింద కూర్చుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, నా కాళ్ళ చుట్టూ తిరుగుతూ అంచు పట్టింది. గంటన్నర పట్టింది. నోట్లో సూదులున్నంతసేపూ ఆవిడ మాట్లాడలేదు. ఏదో ఒకటి చెప్పడానికి ఇదే సమయమని నాకు అనిపిస్తూనే ఉంది. నోట్లో సూదులు లేనిదాన్ని, నేనూ మాట్లాడలేదు. పైనుంచి చూస్తే ఆవిడ పాపిడి కనిపించింది. ఎంత పలచబడిపోయిందో.

చివరి సూది గుచ్చి, లేచి, లోపల మూడంగుళాల మడత వదిలానంది. నేను ఎదగను కదా అత్తయ్యా అన్నాను.

"నువ్వు ఎదగవులే. ఫ్యాషన్లు ఎదుగుతాయి. అప్పుడు విప్పుకుంటావు" అంది. విప్పుకుంటావు అంది, విప్పుతాను అనలేదు.

నవంబర్ 24, సోమవారం

గోధుమరంగు ఫ్లేరు, లేతపసుపు స్వెటరు లోపలికి దోపి, నల్ల బూట్లు. మేనేజరమ్మ స్వయంగా వచ్చి ఎక్కడ కొన్నావంది. కొనలేదు, కుట్టారు అన్నాను. నాకూ ఒకటి కుట్టిస్తావా అంది. ఆవిడ ఊరెళ్ళిపోతోంది అన్నాను. రెండు మాటలు. రెండూ నేనే చెప్పుకున్నాను, ఎవరో చెబితే విన్నట్టు.

నవంబర్ 27, గురువారం

అద్దం ఎంతది పడుతుందో చూద్దామని ఆవిడ గదిలో గోడ కొలిచాను. టేపు ఆవిడదే. రెండో చివర కూడా ఆవిడే పట్టుకుంది. "తొమ్మిది అంగుళాలు అటు జరుపు, కిటికీ వెలుతురు మొహం మీద పడాలి" అని సలహా కూడా ఇచ్చింది. ఎంత మంచి మనసో. ఆ తర్వాత తలనొప్పి అని భోజనం మానేసింది.

నాకేం బాధ లేదు.

నవంబర్ 29, శనివారం

పెట్టె నిండింది. నిండకపోతే బాగుండునని ఇవాళ మొదటిసారి రాస్తున్నాను.

నవంబర్ 30, ఆదివారం

పదింటికల్లా ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కొంచెం బొజ్జ, ముఖాన ఇబ్బంది. కాఫీ ఇచ్చాను. మంచివాడే, నాతో తప్ప అందరితో సర్దుకుపోగలడు. సూట్‌కేసు తీసుకెళ్ళి డిక్కీలో పెట్టాడు. కుట్టుమిషను ఇప్పుడు కార్లో పట్టదు, తర్వాత చూద్దాం అన్నాడు. కిందికి వెళ్ళి కారు తిప్పుతున్నాడు.

గుమ్మం దగ్గర అత్తయ్య చెప్పులు వేసుకుంది. ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండా నిలబడింది.

"వెళ్ళమంటావా?" అంది.

నా నోటికి అలవాటైన మాటే వచ్చింది. "మీ ఇ..." అనేసరికి ఆవిడ చెయ్యెత్తింది.

"ఆ మాట ఇంకోసారి అనకు. ముప్పై ఏళ్ళు కొట్టు నడిపాను నేను. 'మీ ఇష్టమండీ' అని ఎప్పుడనేదాన్నో తెలుసా? ఎదురుగా కూర్చున్నవాళ్ళు లేచిపోతే బాగుండును అనుకున్నప్పుడు. కావలసినవాళ్ళతో ఆ మాట ఎవరైనా అంటారా? కూర్చోబెడతాం, ఇంకో రంగు చూపిస్తాం, టీ తెప్పిస్తాం. వారం కాదు, రెండు వారాలు కాదు, ఎప్పుడడిగినా మీ ఇష్టం, మీ ఇష్టం. మొన్న గోడ కూడా కొలిచావు."

మర్యాద అనుకున్నాను నేను. మూడు వారాలుగా ఎంత బాగా మర్యాద చేస్తున్నానో ఇందులో రాసుకుని మరీ మురిసిపోయాను. ఆవిడకి ప్రతిసారీ వినిపించింది మాత్రం 'ఇక దయచెయ్యండి' అని.

"వెళ్ళకండి" అన్నాను. చాలా చిన్నగా వచ్చింది. మళ్ళీ అన్నాను. "నాకు బాధగా ఉంది అత్తయ్యా. మీరు వెళ్తే నేను ఈ ఇంట్లో ఉండలేను. అద్దమూ వద్దు ఏమీ వద్దు. ఉండండి."

ఆవిడ కొత్త కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. వేసుకున్న ఒక చెప్పూ విప్పేసింది. "ఇంత చిన్న మాటకి నా చేత పెట్టె సర్దించావు" అంటూ లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపించింది. అవసరమైన దానికంటే ఎక్కువ చప్పుడే.

కిందికి దిగాను. ఆయన కారు తలుపు తీసి పట్టుకుని ఉన్నాడు. నా వెనకాల ఎవరూ రాకపోవడం చూసి, విషయం అర్థమై, కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

"అమ్మ ఇష్టమేనా ఇది?" అన్నాడు.

"ఆవిడ ఇష్టం సంగతి లోపలికెళ్ళి ఆవిడనే అడుగు" అన్నాను. "నేను మాత్రం వెళ్ళొద్దన్నాను. నాకు కావాలి ఆవిడ."

ఆయన డిక్కీ తెరిచి సూట్‌కేసు కిందికి దించాడు.